తువ్వాలు మీద దండీలు

పని వెతుక్కునే మనిషి రోజూ కసరత్తు చేస్తే మంచిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుని, ఆ అన్నవాడి మీద కోపం కూడా తెచ్చుకుంటాను. ఒప్పుకోవడం ఎందుకంటే అది నిజం. యుద్ధం రోజుల్లో నేనూ మా నాన్నా బెజవాడలో కూలి కోసం తిరిగిన కాలమంతా తెల్లవారుజామునే లేచి దండీలు, బస్కీలు తీశాం. అవి లేకపోతే మా ఇద్దరిలో ఒకరికైనా మతి చలించేది. కోపం ఎందుకంటే, ఈ సలహా ఇచ్చేవాళ్ళలో కడుపు మాడినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. మిగతా అందరూ భోంచేసి చేయి కడుక్కుని చెప్పినవాళ్ళే.

మాది పామర్రు దగ్గర ఒక చిన్న ఊరు. అందులో ఒక వీధి వీధంతా నేతవాళ్ళం. మా ఇంట్లో రెండు గుంటమగ్గాలుండేవి, లోపలి గదిలో నాన్నది, వసారాలో నాది. నేను ముతక నూలు నేసేవాణ్ణి. దుప్పట్లు, తువ్వాళ్ళు, పొలం పనివాళ్ళు కట్టుకునే పంచెలు. నాన్నది సన్న నేత. ఆయన నేసిన ధోవతి మడత పెడితే గుప్పిట్లో పట్టేది. నా చేతికి సన్న నూలు ఇస్తే తాడు పేనిపెడతానని వెక్కిరించేవాడు. అది ఎగతాళే అయినా అబద్ధం మాత్రం కాదు.

మా వీధిలో మగవాడి అరచేయి మెత్తగా ఉండాలి. అది సోకు కోసం కాదు. సన్న పోగు వెంట్రుక లాంటిది. చేతిలో ఏ కాస్త గరుకు ఉన్నా పట్టుకుని సాగుతుంది, తెగుతుంది. పడుగు మీద, అంటే మగ్గానికి సాచిన నిలువు పోగుల మీద, చేయి ఆడించి ఏ పోగు వదులైందో, ఏది బిగిసిందో కళ్ళు మూసుకుని కనిపెట్టాలి. అందుకని సన్న నేత నేసేవాళ్ళు పార పట్టరు, కట్టె కొట్టరు, బావి దగ్గర చేంతాడు కూడా ముట్టరు. రాత్రి పడుకోబోయే ముందు అరచేతులకు ఆముదం రాసుకుంటారు. పక్క వీధి రైతులు దీన్ని చూసి ఊరికే ఉండేవాళ్ళు కాదు. "మీ మగాళ్ళ కంటే మా కోడళ్ళు నయం" అనేవాళ్ళు. అన్నా మావాళ్ళకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు మొదట పెళ్ళికొడుకును చేయి చాపమని, అరచేయి తడిమి, ఆ తర్వాతే మిగతా మాటలు మాట్లాడేవాళ్ళు. నాన్న చేయి తడిమి మా అమ్మ తండ్రి ఇంకేమీ అడక్కుండా తాంబూలం పుచ్చుకున్నాడని అమ్మ చెప్పుకునేది. ఆ చెప్పడంలో కాస్త గర్వం ఉండేది.

యుద్ధం వచ్చింది. నూలు మీద కంట్రోలు వచ్చింది. ముందు సన్న నూలు మాయమైంది, తర్వాత ముతక నూలు కూడా కనబడకుండా పోయింది. మగ్గం గుంటల్లో కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. అమ్మ నాట్లకు, కలుపులకు పొలాల్లోకి వెళ్ళేది. ఆవిడకు అలవాటు లేని పని. సాయంత్రం నడుం పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయేది.

మగవాళ్ళం అరుగుల మీద కూర్చున్నాం. కూర్చోవడం మాకు కొత్త కాదు, పుట్టినప్పటి నుంచీ గుంటలో కూర్చున్నవాళ్ళమే. కానీ మగ్గంలో కూర్చుంటే కాళ్ళు ఆడతాయి, చేతులు ఆడతాయి, కళ్ళు ఆడతాయి. అరుగు మీద కూర్చుంటే నోరొక్కటే ఆడుతుంది. కొన్నాళ్ళకు అదీ ఆగిపోయింది. మా ఎదురింటాయన అలా కూర్చుని కూర్చునే పోయాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దున్న వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు, మధ్యాహ్నం గంజికి పిలిస్తే పలకలేదు. పాడె మోయడానికి లేచిన నలుగురిలో ఇద్దరు కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయారు. ఆ దృశ్యం చూసి నాన్న భయపడ్డాడు. నేను మాత్రం ఎందుకో వెర్రి నవ్వు నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు ఎలా వచ్చిందో తెలియదు.

మైల స్నానాలు చేసి వచ్చాక నాన్న నన్ను పిలిచి చెప్పాడు.

"నేను కూచుని చావనురా. బెజవాడ పోదాం పద."

మొదట ఉయ్యూరు వెళ్ళాం. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర పని ఉంటుందని ఎవరో చెప్పారు. మేం వెళ్ళేసరికి చెరుకు సీజను అయిపోయింది. ఉన్నవాళ్ళనే ఇళ్ళకు పంపిస్తున్నారు. అక్కణ్ణించి కాలవ గట్టు పట్టుకుని నడిచి బెజవాడ చేరాం. ఎండాకాలం. బెజవాడ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొండ రాళ్ళు పగలంతా తాగిన వేడిని రాత్రి ఊరిమీదకు వదులుతాయి.

ఒక సత్రం అరుగు మీద పడుకుంటూ పొద్దున్నే కాలవ పక్క ఉన్న బియ్యం మిల్లుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మిల్లుల్లో బస్తాలు మోసేది ముఠాలు. ముఠా అంటే ఒక గుంపు హమాలీలు, వాళ్ళమీద ఒక మేస్త్రి. రాని మనుషులకు బదులు ఎవర్ని తీసుకోవాలో ఆ మేస్త్రి ఇష్టం. తెల్లవారేసరికి గేటు ముందు మాలాంటి వాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు. యుద్ధం ఒక్క మా పనినే మింగలేదు కదా. మేస్త్రి వరస వెంట నడుస్తూ ఒక్కొక్కడి మొహం చూసి, తర్వాత అరచేయి చూసేవాడు. చేయి మెత్తగా ఉన్నవాడు పొద్దెక్కేసరికి బొబ్బలెక్కి కూలబడతాడు, వాడి బరువు కూడా ముఠా మోయాల్సి వస్తుంది. అందుకని ఆ తడమడం. మేస్త్రి చెడ్డవాడేమీ కాదు. ఆయన పని ఆయన చేశాడు.

నా మొహం చూసే ముందుకు వెళ్ళిపోయాడు. నాన్న చేయి మాత్రం పట్టుకుని ఆగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెద్దాయనా, ఇయ్యి బస్తాలు పట్టే చేతులు కావు. జంధ్యాలు వడికే చేతులు" అన్నాడు.

వరసలో వాళ్ళందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆయనకు అది మెచ్చుకోలుగా వినిపించిందని నాకు అర్థమై ఒళ్ళు మండిపోయింది.

కొద్ది రోజులకు సత్రం వాళ్ళు పొమ్మన్నారు. మాతోపాటు వరసలో నిలబడే ఒకతను తాలింఖానా సంగతి చెప్పాడు. కాలవకు ఇవతల ఒక పాత తాటాకుల పాక. మధ్యలో కుస్తీ గోదా, గోడ పక్కన చెక్క గదలు, పైనుంచి వేలాడే ఒక తాడు. దాని ఉస్తాదు ఒకప్పుడు హమాలీ. బస్తా మీద పడి మోకాలు పోయింది. గోదా మట్టి తవ్వి, నీళ్ళు చల్లేవాళ్ళకు పడుకోవడానికి చోటిచ్చేవాడు. రెండో షరతు ఒకటుంది.

"ఇక్కడ పడుకున్నోడు తెల్లారి ఇక్కడే చెమటోడ్చాలయ్యా. ఊరికే పడుకుని పోతానంటే కుదర్దు."

"తిండికే లేదు, కసరత్తొకటా?" అన్నాను నేను.

"నాకు మాత్రం ఉందా?" అన్నాడాయన. కడుపు మాడినవాణ్ణి ఒక్కణ్ణే చూశానన్నది ఈయన్నే. రోజుకు ఒక్క పూట జొన్న సంకటి తినేవాడు. "మేస్త్రి కంటికి మనుషులు రెండే రకాలు. నిద్ర లేచినోడు, లేవనోడు. ఒంట్లో వేడి పుట్టించుకుని పోయి నిలబడు. నెత్తురు మొహంలో కనపడాల."

ఆ మర్నాటి నుంచి మొదలుపెట్టాం. మొదటి వారం నాకు నరకం. తొడలు పట్టేసి మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మగ్గంలో పుట్టినవాళ్ళకు వీపు వంగి ఉంటుంది, రొమ్ము లోపలికి పోయి ఉంటుంది. దాన్ని తెరవడానికి ఉస్తాదు బాగున్న రెండో మోకాలు నా భుజాల మధ్య పెట్టి వెనక్కి లాగేవాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. ఆయనకు ఆ తిట్లు లెక్కే లేదు.

కానీ మంచి జరిగింది. జరిగినదాన్ని జరగలేదని ఎందుకు అనాలి? పనిలేనివాడికి అన్నిటికంటే బరువైంది పొద్దు. తెల్లారుతుందంటే గుండెలో రాయి పడేది, ఈ పగలంతా ఏం చేయాలా అని. ఇప్పుడు తెల్లారకముందే ఒక పని ఉంది, అది పూర్తయ్యాక ఒంట్లోంచి చెమట కారుతుంది, స్నానం చేయక తప్పదు, స్నానం చేశాక మనిషినన్న ధ్యాస వస్తుంది. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది. అంతకుముందు నేను సత్రం పైకప్పు చూస్తూ ఎవరెవరినో తిట్టుకుంటూ పడుకునేవాణ్ణి. వరసలో నిలబడితే వీపు దానంతటదే నిటారుగా నిలిచేది. మేస్త్రి వస్తుంటే కళ్ళు దించుకోవడం పోయింది. పని దొరక్క వెనక్కి వచ్చినా, ఆ పూట ఒక పని చేశానన్న మాట మిగిలేది. ఎవరూ ఇవ్వకపోయినా చేయగలిగిన పని అదొక్కటే. ఆకలి మాత్రం రెండింతలైంది. ఉస్తాదు దానికి మందు చెప్పలేదు.

ఇందులో నాన్న దారి వేరు. బస్కీలు ఎన్నంటే అన్ని తీసేవాడు. గోదా చుట్టూ పరుగెత్తేవాడు. రోజూ పడుగు దువ్వుతూ వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచిన కాళ్ళు అవి, నా కాళ్ళ కంటే గట్టివి. దండీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం భుజం మీద తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, నేల మీద పరిచి, దానిమీద అరచేతులు ఆనించేవాడు. మట్టి గీసుకుంటుందని. గదలు ముట్టుకునేవాడు కాదు. తాడు వైపు చూసేవాడే కాదు. కసరత్తుకు వచ్చే కుర్రాళ్ళకి అది పెద్ద వేడుకైపోయింది. "బాబాయిగారు అత్తారింటికొచ్చారు, పీట వెయ్యండ్రా" అని ఒకడు, "తలగడ కూడా తేవాలా బాబాయ్?" అని ఇంకొకడు. నాన్న దండీ మధ్యలో తలెత్తి, "తెస్తే మంచిదే" అని మళ్ళీ కిందకు దిగేవాడు.

ఆ వేసవి చివర్లో మేస్త్రి నన్ను తీసుకున్నాడు. నా చేతులు అప్పటికి గదలు తిప్పి కాయలు కాశాయి. ముతక నేత నేసేవాడికి అవి ఉన్నా పెద్ద నష్టం లేదు. నాన్న మాత్రం వరసలోనే ఉండిపోయాడు. రోజూ వచ్చేవాడు, రోజూ చేయి చాపేవాడు. మేస్త్రి కొన్నాళ్ళకు తడమడం మానేసి, చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళేవాడు. నేను బస్తా వీపు మీద వేసుకుని గేటు లోపలికి పోతుంటే నాన్న బయట నిలబడి చూస్తుండేవాడు. నాకు ఆ చూపు భరించడం చేతనయ్యేది కాదు. ఒక సాయంత్రం అడిగేశాను.

"నాన్నా, నువ్వు కూడా ఆ గద పట్టుకో. నాలుగు వారాలు తిప్పితే చేతులు గట్టిపడతయ్."

"గట్టిపడ్డయ్యి మళ్ళీ మెత్తబడతాయంట్రా?"

తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని ఆయనే మళ్ళీ అన్నాడు.

"నూలు ఎప్పుడో ఒకప్పుడు రావాలిగదా. ఊరంతా గోచీలు పెట్టుకు తిరగరుగదా. వచ్చిననాడు నాకు ఈ చేతులుండాలి. నీది ముతక నేత, నీకేం?"

విషయం అంతే, అందులో రహస్యం లేదు. ఆ చేతులుంటే ఆయనకు మగ్గం ఉంది. ఆ చేతులుంటే బెజవాడలో కూలి లేదు. రెండూ కుదరవు. ఆయన మగ్గాన్ని పట్టుకున్నాడు. ఒంటిని మాత్రం ఎప్పుడైనా పనికి సిద్ధంగా ఉంచుతానని రోజూ కసరత్తు చేసేవాడు. ఇంకేదైనా పని, కావలి కాసే పనో, ఉత్తరాలు మోసే పనో దొరక్కపోతుందా అని మధ్యాహ్నాలు ఊరంతా తిరిగేవాడు. అలాంటి పనులకు అక్షరాలు రావాలి, లేకపోతే తెలిసినవాళ్ళుండాలి. మాకు రెండూ లేవు.

నా కూలితో ఇద్దరం తినాలి, ఊళ్ళో అమ్మకు పంపాలి. నాన్న తిండి తగ్గించాడు. అడిగితే, "పనిచేసేవాడివి నువ్వు తిను" అనేవాడు. కసరత్తు మాత్రం తగ్గించలేదు. మెడ కింద ఎముకలు బయటపడ్డాయి. బస్కీలు తీస్తుంటే మోకాళ్ళు టకటకమనేవి. ఉస్తాదు చూసి చూసి ఒకరోజు చెప్పాడు.

"పెద్దాయనా, తినకుండా చేస్తే కసరత్తు ఒంటిని నములుతుంది. సగం తగ్గించు."

"అదొక్కటీ తగ్గిస్తే ఇంక నాకేం మిగిలిందయ్యా?" అన్నాడు నాన్న.

మర్నాటి నుంచి ఉస్తాదు తన సంకటిలో ఒక ముద్ద నాన్న దగ్గర పెట్టేవాడు. నాన్న వద్దనేవాడు. ఆయన పెట్టడం మానేవాడు కాదు.

వానలు పడ్డాయి. కాలవ పక్క దోమలు. నాకు చలిజ్వరం పట్టుకుంది. పగటిపూట పళ్ళు టకటకలాడుతూ చలి, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది, ఆ తర్వాత చెమటలు. ఒక రోజు నయమైనట్టుండేది, లేచి నిలబడేవాణ్ణి, మర్నాడు మళ్ళీ పడిపోయేవాణ్ణి. మేస్త్రి నా చోట్లో ఇంకొకణ్ణి తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు? మా ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క పని పోయింది. ఊళ్ళో అమ్మకు కబురు పంపలేదు. పంపితే ఆవిడ నడిచి వచ్చేస్తుంది, వచ్చి ఏం తింటుంది?

ఒక మధ్యాహ్నం తాలింఖానాలో ఎవరూ లేరు. నేను గోడ పక్కన చాప మీద పడి ఉన్నాను. నాన్న గోదా గట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఎడమ బొటనవేలితో కుడి అరచేయి మధ్య మెల్లగా రాసుకున్నాడు, పడుగులో పోగు వెతికినట్టు. తర్వాత లేచి వెళ్ళి గద అందుకున్నాడు.

నాకు ఒంట్లో జ్వరం ఉన్నా బుర్ర స్పష్టంగానే ఉంది.

"వద్దు నాన్నా. ఇంకో వారం ఆగు. నాకు తగ్గిపోతుంది."

"పడుకో."

"సన్న నూలొస్తే?"

"వస్తే అప్పుడు చూసుకుందాం. ముందు నువ్వు లేవాలి."

అలా అని గద భుజం మీదకు ఎత్తాడు. మొదటి రోజే బొబ్బలు లేచాయి. రెండో రోజు అవి చిట్లాయి. ఉస్తాదు పసుపు రాసి గుడ్డ కట్టబోతే కట్టనివ్వలేదు. కట్టుకడితే ఆలస్యమవుతుందన్నాడు. ఇటుక ముక్క తీసుకుని, స్నానం చేసేటప్పుడు ఒంటికి రాసుకున్నట్టు, అరచేతులకు రాసుకునేవాడు. తాడు పట్టుకుని వేలాడేవాడు. ఇన్నేళ్ళు ఆముదం రాసి కాపాడుకున్నదాన్ని అంత శ్రద్ధగానూ పాడుచేశాడు. కుర్రాళ్ళు ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు. తువ్వాలు మళ్ళీ భుజం మీదకు వెళ్ళిపోయింది. నేను మొహం గోడ వైపు తిప్పుకుని పడుకునేవాణ్ణి. గద గాలిని కోసే చప్పుడు మాత్రం చెవిలో పడేది. ఎవర్ని తిట్టాలో తెలియక జ్వరాన్ని తిట్టుకున్నాను.

చర్మం గట్టిపడ్డాక వెళ్ళి వరసలో నిలబడ్డాడు. మేస్త్రి చేయి తడిమి ఆయన మొహం వైపు చూశాడట. "ఎన్నాళ్ళకి వచ్చావు పెద్దాయనా" అని లోపలికి పంపాడట. ఆ రాత్రి నాన్న బియ్యం తెచ్చి వండి, నాకు పెట్టి, తనూ కడుపునిండా తిన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన కడుపునిండా తినడం చూశాను. సంతోషించాల్సిందే. నాకు ఏడుపొచ్చింది.

అన్నాళ్ళు చేసిన కసరత్తు వృథా పోలేదు. అది కూడా చెప్పాలి. నాన్న వయసు వాళ్ళు ముఠాలో ఎవరూ లేరు. ఆయన వీపు వంగలేదు, ఊపిరి అందక ఆగలేదు. బల్ల ఎక్కి లారీలోకి బస్తా చేరవేసేటప్పుడు కాళ్ళు వణికేవి కావు. కొన్నాళ్ళకు మేస్త్రి ఆయన్ని బరువు బస్తాల వైపు ముందు పిలవడం మొదలుపెట్టాడు. నాకు జ్వరం తగ్గాక నన్ను కూడా మళ్ళీ తీసుకున్నారు. ఇద్దరం పనిచేశాం. ఒంటిమీద కండ వచ్చింది. చూసినవాళ్ళు మమ్మల్ని అన్నదమ్ములనుకునేవాళ్ళు. నాన్న ఆముదం మాట ఎత్తలేదు. అన్నం తినేటప్పుడు తన చేయి తనే చూసుకోకుండా తినేవాడు.

యుద్ధం అయిపోయింది. అయిపోయినా కంట్రోలు పోలేదు, నూలు మాత్రం కొద్దికొద్దిగా రావడం మొదలైంది. ఊరి నుంచి వచ్చిన ఒక బంధువు చెప్పాడు. సన్న నేత నేసినవాళ్ళకి సన్న నూలు ఇస్తున్నారు, నాన్న పేరే మొదట చెప్పారట. నాన్న ఆ మాట విని చేతిలో ఉన్న మరచెంబు కింద పెట్టాడు. ఆ సాయంత్రమే ఉస్తాదుకు చెప్పి బయల్దేరాం. ఉస్తాదు నాన్న చేతులు రెండూ పట్టుకుని, అరచేతులు తిప్పి చూసి వదిలాడు.

ఇంట్లో అమ్మ మగ్గం గుంట ఊడ్చి, అలికి, ముగ్గు కూడా పెట్టింది. వీధిలో పడుగు సాచిన రోజు నేను ఎప్పటికీ మరిచిపోను. తెల్లవారుజామున గంజి వాసన. రెండు వైపులా ఆడవాళ్ళూ పిల్లలూ. నాన్న గంజి పట్టించి దువ్వే పెద్ద కుంచె తీసుకుని పడుగు వెంట ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంటే, అన్నేళ్ళూ అరుగుల మీద కూర్చున్న ఆయన తోటివాళ్ళు నాలుగు విసుర్లకే రొప్పి పక్కకు వెళ్ళి నిలబడ్డారు. నాన్నకు చెమట కూడా పట్టలేదు. "నీకు వయసు వెనక్కి పోయిందేంట్రా" అన్నారెవరో. అమ్మ వాకిట్లో నిలబడి నవ్వింది.

కుంచెకు కర్రపిడి ఉంటుంది. అరచేతుల కాయలు దానికి అడ్డం రాలేదు. గంజి ఆరిన పడుగును మగ్గానికి ఎక్కించి, పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే వేళ్ళతో మెలేసి అతకాలి. నాన్న గుంటలో కూర్చుని మొదటి పోగు మెలేశాడు. తెగింది. రెండోది అతుక్కుంది. మూడోది బొటనవేలి చర్మంలో చిక్కుకుని వచ్చింది. ఆయన తొందరపడలేదు. పొద్దుపోయేదాకా కూర్చున్నాడు. అతికినదానికంటే తెగిందే ఎక్కువ. పడుగు మీద చేయి ఆడించి చూశాడు. ఏ పోగు వదులో, ఏది బిగువో తెలియడం లేదన్నాడు. చేతికి గుడ్డ చుట్టినట్టుందన్నాడు.

అమ్మ వెన్న రాసింది. గోరువెచ్చటి గంజిలో చేతులు నానబెట్టింది. ఆముదం, కొబ్బరినూనె, ఎవరు ఏది చెబితే అది. కొన్ని రోజులు అలా గడిచాయి. పై చర్మం మెత్తబడినట్టే ఉండేది, పోగు పట్టుకుంటే మళ్ళీ గీసుకునేది. నాన్న చివరికి మంగలి దగ్గరికి వెళ్ళి కత్తి తెచ్చుకున్నాడు. వసారాలో కూర్చుని అరచేతుల మీది కాయల్ని పొరలు పొరలుగా తీసేశాడు. లోపల ఎర్రటి లేత చర్మం వచ్చింది. "ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఆరోజు నిజంగానే పోగులు తెగలేదు. మూరెడు దాకా నేశాడు. నేను వసారాలో నా మగ్గంలో ఉండి పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు వింటున్నాను, ఒకే లెక్కలో, ఆగకుండా. అమ్మ కూడా పని ఆపి వింటోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

లోపలికి వెళ్ళి చూశాను. తెల్లటి బట్ట మీద ఎర్రటి మరకలు, నాన్న చేయి ఆనించిన చోటల్లా. ఆయన వాటిని కొనగోటితో గీకి చూస్తున్నాడు. తడుపుదామని అమ్మ నీళ్ళు తెచ్చింది. "తడిపితే పాకుతుంది, వద్దు" అన్నాడు. కాసేపటికి గుంటలోంచి లేచి, కాళ్ళు కడుక్కుని, పడుగును వీధి చివర ఉండే ఒకాయనకు ఇచ్చేయమని నాకు చెప్పాడు. ఆయన యుద్ధమంతా అరుగు దిగనివాడు. చేతులు ఎప్పటిలాగే మెత్తగా ఉన్నాయి. నాకు అప్పుడు వచ్చిన కోపానికి ఎవరూ సరిపోరు. ఆయన తప్పేం లేదని తెలిసి కూడా పడుగు అందించేటప్పుడు ఆయన మొహం చూడలేదు.

మర్నాడు తెల్లవారకముందే వాకిట్లో చప్పుడైతే లేచి చూశాను. నాన్న బస్కీలు తీస్తున్నాడు. అరచేతులకు గుడ్డలు కట్టి ఉన్నాయి. అమ్మ గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"మగ్గం లేకపోయాక ఇంకా ఎందుకండీ ఈ అవస్థ? కాసేపు పడుకోరాదూ."

"రేపు బెజవాడ పోవాలి గదే. బస్తాలు మొయ్యాలి" అన్నాడు. అని మళ్ళీ కిందకు కూర్చుని లేచాడు.